డైరీలో క్లాష్

ఆ ఉదయం మహిమ పెట్టుకున్న పని ఒక్కటే. భర్త పాత తెల్లచొక్కా చేతులు కత్తిరించి, ఒకటో తరగతి చదివే కూతురు కెజియాకు డాక్టరు కోటు కుట్టాలి. శనివారం బడిలో వేషాల పోటీ. కొలతకని పిల్లను పిలిచి, పనిలో పనిగా స్కూలు డైరీ తెరిచింది. ఇంగ్లీషులో ఒకటే వరుస. ఎనిమిదితో చదువు ఆగినా కూడబలుక్కుని చదవగలదు. రాజ్‌కిరణ్‌తో క్లాష్, తల్లి వచ్చి కలవాలి.

క్లాష్ ఆమెకు తెలియని మాటేం కాదు. తమ ఊరు వత్సవాయిలో పొలం గట్టు దగ్గర అన్నదమ్ములకు క్లాష్ వచ్చిందన్న రోజే ఊళ్ళోకి పోలీసు జీపు వచ్చింది.

"రాజ్‌కిరణ్‌తో ఏమైందే?"

"వాడు నాదన్నాడు, నేను నాదన్నా."

"చెయ్యెత్తావా?"

"ఎత్తా. వాడికంటే నేనే ముందెత్తా," అంది కెజియా గర్వంగా.

జగ్గయ్యపేటలోని ఆ ఇంగ్లీషు మీడియం బడిలో కెజియాది సర్కారు లాటరీలో వచ్చిన ఉచిత సీటు. రాజ్‌కిరణ్ పేటలో హోల్‌సేల్ కిరాణా వాళ్ళ అబ్బాయి. ఫీజు కట్టే పిల్లాడి మీద ఉచితం పిల్ల చెయ్యి చేసుకుంటే సీటు ఉంటుందా?

పిల్లనూ డైరీనీ వ్యాను ఎక్కించాక, ఆ మాటకు ఇంకేదైనా అర్థం ఉందేమోనన్న ఆశతో పక్కింటి రిటైర్డు మాస్టారు జగన్నాథరావు దగ్గరికి పరుగెత్తింది. ఆయన లావుపాటి నిఘంటువు దించి, మాట పుట్టుక దగ్గర మొదలుపెట్టారు.

"ఇది చప్పుడులోంచి పుట్టిన మాటమ్మా. కత్తీ కత్తీ తగిలినప్పుడు వచ్చే చప్పుడు. అక్కణ్ణుంచి కొట్లాట, యుద్ధం. ఇహ వాడుకలో ఇంకో అర్థం..."

రోడ్డు మీద పేట బస్సు హారను మోగింది. కత్తులూ యుద్ధమూ విన్నాక ఆమెకు ఆశ పోయింది, ఇంకో అర్థం వినకుండానే బస్సుకు పరుగెత్తింది.

బడివాళ్ళకంటే ముందు ఆ పిల్లాడి తల్లి నీరజను బతిమాలుకోవాలని కొట్టు మీది ఇంటికి మెట్లెక్కింది. నీరజకు సంగతే తెలియదు. కొడుకు డైరీ ట్యూషన్ టీచరు చూస్తుంది.

"మా పిల్ల తెలీక చెయ్యి చేసుకుందండి. సీటు తీసెయ్యమని మాత్రం చెప్పకండి."

నీరజకు కొడుకు మోకాలి మీది గీరుడు గుర్తొచ్చింది. సైకిలు మీంచి పడ్డానని వాడే చెప్పాడు. పాపం, ఎంత భయపడితే అబద్ధం చెప్పి ఉంటాడు!

"ఫ్రీగా చేర్చుకుంటే ఇట్లాగే ఉంటుంది," అని బడికి ఫోను చేసింది. తరువాత తల్లుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. మహిమ బడి గేటు చేరేలోపు గ్రూపులో మోకాలి గీరుడు చెయ్యి విరగడమైంది. ఎవరో కత్తెర అన్నారు. మధ్యాహ్నానికి కరస్పాండెంటు నందిగామ నుంచి కారులో దిగాడు.

క్లాసు టీచరు నాగవల్లి తెల్లబోయింది.

"కొట్లాటేంటండీ? డాక్టరు వేషం ఎవరు వేస్తారంటే ఇద్దరూ చేతులెత్తారు. ఒకే వేషం ఇద్దరికీ క్లాష్ అయింది. మీ పాపకి నర్సు వేషం వేద్దామా అని అడగడానికి పిలిచా."

మహిమకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కరస్పాండెంటు అంతా శాంతంగా విన్నాడు. కొట్లాట జరగలేదని ఆయనా ఒప్పుకున్నాడు. అయితే కంప్లైంటు వచ్చింది, పిల్ల తల్లే స్వయంగా ఒప్పుకుంది. ఇప్పుడు ఏమీ జరగలేదని రాస్తే నీరజగారు అబద్ధమాడినట్టు అవుతుంది. అందుకని సీటు ఉంచుతాడు, మహిమ హామీపత్రం మీద సంతకం పెట్టాలి. కెజియా మళ్ళీ ఎవరినీ కొట్టదు. కొడితే సీటు పోతుంది.

"మళ్ళీ ఏంటండీ? ఒక్కసారి కూడా కొట్టలేదు కదా."

"అందుకేనమ్మా, మళ్ళీ కొట్టదని రాయడం మీకు తేలిక."

ఆమె సంతకం పెట్టింది. ఆ బడిలో కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. ఈ ఒక్కటి మాత్రం, ఆమెకు బాగా అర్థం కావాలని, తెలుగులో టైపు చేయించారు.