బొట్టు పెట్టుకున్న నత్తలు

శ్రావణ శుక్రవారం పొద్దున్నే పేరయ్య వేసుకున్న పథకం చిన్నదే. మిరప నారుమడిలో దొరికిన నత్తలన్నీ గంపకెత్తి, వాగు దాటి, బీడులో వదిలేసి, ఎండెక్కకముందే వచ్చి పూజకు కూర్చోవాలి.

అవి మన నత్తలు కావు. ఒక్కొక్కటి అరచేతి నిండా ఉంది. చిలకలూరిపేటలో ఎవరో షావుకారు మద్రాసు నుంచి తెప్పించుకున్న పూలకుండీల మట్టిలో దిగి, రెండేళ్లలో ఊళ్లమీద పడ్డాయి. అవి సముద్రం అవతల నుంచి వచ్చినవనీ, వాటి దెబ్బకు మన చిన్న నత్తలకు కూడా తిండి మిగలదనీ, ఏరి ఉప్పునీళ్లలో వేయడమొక్కటే మార్గమనీ గ్రామసేవకుడు సుభానీ ఇంటింటికీ తిరిగి చెప్పాడు. పక్క చేను ఇమాం హుస్సేన్ ఆ రోజే ఆ పని చేసేశాడు. పేరయ్య మాత్రం శ్రావణమంతా ఒంటిపూట ఉపవాసం ఉంటాననీ, జీవహింస చేయననీ మొక్కుకుని ఉన్నాడు. నారు ఇంకో వారంలో నాటుకు వస్తుంది. అది పోతే ఆ ఏడు మూడెకరాల్లో మిరప లేనట్టే. నారునూ నత్తనూ పుట్టించినవాడు ఒక్కడే కదా, ఇప్పుడు ఎవరి పక్షాన ఉన్నాడో అని పేరయ్య రెండు రోజులు ఆలోచించాడు. తేలలేదు.

"నువ్వు ఉపవాసం ఉన్నావు సరే పేరయ్యా, అవి ఉండటం లేదుగా" అన్నాడు ఇమాం హుస్సేన్.

గంప నెత్తికెత్తుకునే వేళకు భార్య పున్నమ్మ అడ్డం వచ్చింది. శ్రావణ శుక్రవారం నాడు ప్రాణమున్నది ఏదైనా బొట్టు లేకుండా గడప దాటకూడదంది. నలభై నత్తలకూ చిప్పల మీద పసుపు రాసి కుంకుమ పెట్టింది. పూజకు ఆలస్యమవుతోందని పేరయ్య గబగబా వాగు దాటి, వాటిని బీడులో వదిలి వచ్చాడు.

గడ్డికి వచ్చిన వాగవతలి ఊరి ఆడవాళ్లు బీడులో వాటిని చూశారు. పసుపు కుంకుమలతో నలభై జీవాలు బారులు తీరి నడుస్తుంటే చేతిలో కొడవళ్లు జారిపోయాయి. మధ్యాహ్నానికి తాటాకు పందిరి లేచింది. ఆ ఊరి పెద్దావిడ పిచ్చమ్మ, అమ్మవారు తనకు ముందే కలలో చెప్పిందని ప్రకటించింది. ఉప్పు బస్తా సైకిలు మీద వేసుకుని వెళ్లిన సుభానీని, బొట్టున్న వాటి మీద ఉప్పు పోస్తావా అని తరిమారు.

సుభానీ తిన్నగా పేరయ్య దగ్గరికే వచ్చాడు. మీరు భక్తిపరులు, మీ మాటైతే వాళ్లు వింటారు, వచ్చి చెప్పండని బతిమాలాడు. ఆ మాట పూర్తికాకముందే డప్పులు వినిపించాయి. అమ్మవారిని ఊరూరా తిప్పాలనీ, మొదటి విడిది భక్తుడైన పేరయ్య ఇంట్లోనేననీ, నైవేద్యం ఆరగించడానికి ఆయన నారుమడిలోనే దించాలనీ తీర్మానించుకుని అందరూ వస్తున్నారు. దారిలో చేలల్లో కనిపించిన నత్తలకూ బొట్లు పెట్టి, చేటల్లో వేసుకుని వెంట తెచ్చారు. చేటలు పద్దెనిమిదయ్యాయి.

పేరయ్య నారుమడికి అడ్డంగా నిలబడ్డాడు. అబద్ధమాడలేడు.

"అమ్మవారూ కాదు, ఎవరూ కాదు పిచ్చమ్మా. అవి మా నత్తలే. బొట్టు పెట్టింది మా ఆడది."

డప్పులు ఆగాయి. పిచ్చమ్మ చేట దించి, పున్నమ్మ కాళ్లకు దణ్ణం పెట్టింది. "అయితే అమ్మ వెలిసింది నీ చేతిలోనా తల్లీ? ఏం సెలవిచ్చింది?"

పేరయ్య నెత్తి పట్టుకున్నాడు. పున్నమ్మ మాత్రం నారు వంక చూసింది, చేటల వంక చూసింది.

"సముద్రం దాటి వచ్చిందట. మళ్లీ సముద్రంలోనే సాగనంపమంటోంది."

అందరూ ముఖాలు చూసుకున్నారు. సముద్రానికి వాడరేవు దాకా నడవాలంటే మాటలా?

"అంతదూరం ఎందుకు? గొడ్ల నీళ్ల గాబులో ఉప్పు పొయ్యండి, అదే సముద్రం" అంది పున్నమ్మ.

సుభానీ అప్పటికే బస్తా మూతి విప్పుతున్నాడు. పొద్దుగూకే లోపల నాలుగూళ్ల జనం చేలన్నీ గాలించి, కనపడ్డ ప్రతి నత్తకూ బొట్టు పెట్టి, డప్పులతో తెచ్చి నిమజ్జనం చేశారు. ఆపైన నారుమడిలో ఒక్క ఆకు తెగలేదు.

"మరి నా మొక్కు?" అన్నాడు పేరయ్య, జనం వెళ్లాక.

"సాగనంపడం హింసెట్లా అవుతుంది?" అంది పున్నమ్మ. అవునో కాదో దేవుణ్ణే అడుగుదామని ఆయన దీపం ముందు చాలాసేపు కూర్చున్నాడు.

ఆ నెల బ్లాకు ఆఫీసుకు పంపిన నివేదికలో సుభానీ, నత్తల నిర్మూలనకు ప్రజల సహకారం సంపూర్ణంగా లభించిందని రాసి, వచ్చే నెలకు రెండు బస్తాల ఉప్పూ, ఒక డప్పుల మేళమూ మంజూరు చేయవలసిందిగా కోరాడు.