కణాలకు ఒకే గేటు

ఇకమీదట దేశంలో ఏ మనిషి ఒంట్లోని ఏ కణం నుంచి ఏ ప్రోటీను బయటికి వెళ్లాలన్నా రాజమార్గం గుండానే వెళ్లాలని పరిశోధనల శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఆ ప్రకటన నా చెవులారా విన్నాను. సభ మా మనవరాలు పనిచేసే పరిశోధనశాలలోనే జరిగింది, కుర్చీలు నిండాలని అది నన్ను కూడా వెంటబెట్టుకెళ్లింది. నా ఎరుకలో మంత్రులు వంతెనలు ప్రారంభించారు, బడులు ప్రారంభించారు, ఒకాయన కురుస్తున్న వానని కూడా ప్రారంభించారు. కానీ మనుషుల ఒంట్లోపలికే ఆజ్ఞ జారీ చేసినవారు ఈయన ఒక్కరే.

మనవరాలు ఆ పరిశోధనశాలలో గాజు గిన్నెల్లో కణాలను పెంచుతుంది. వాటికి వేళకి తిండిపెట్టి, నీళ్లు మార్చి, వెచ్చగా ఉన్నాయో లేదో చూసుకోవడం గమనిస్తే, ఇంటినిండా పిల్లల్ని పెంచిన నాకే ముచ్చటేస్తుంది. కణం లోపల ప్రోటీన్లు తయారవుతాయట. బయటికి వెళ్లాల్సిన వాటిలో చాలావాటికి చిరునామా చీటీ లాంటి తోక ఉంటుంది. అది చూపించి, లోపలి గదులన్నీ దాటి, మూటలు కట్టించుకుని, పద్ధతిగా బయటికొస్తాయి. అదీ రాజమార్గం. కొన్నింటికి మాత్రం ఆ చీటీ ఉండదు. అవి ఆ గదుల మొహం కూడా చూడకుండా కణం గోడలోంచే దూరి వచ్చేస్తాయి, లేకపోతే బయటికి పోతున్న ఇంకేదో సంచీలో ఎక్కేస్తాయి. మా పిల్ల మందు వేసి రాజమార్గం మూసేసినా అవి ఆగవు. కణానికి తిండి తగ్గి కష్టమొస్తే ఇంకా ఎక్కువ వస్తాయి. ఎలా వస్తాయన్నదే దాని చదువు.

ఇదంతా అది వేదిక మీద చెబుతుంటే మంత్రిగారు ఎంతో శ్రద్ధగా, కళ్లు కూడా తెరిచి విన్నారు.

"చీటీ లేకుండా వెళ్తున్నాయా?" అన్నారు.

"అవునండీ."

"రోడ్డు మూసినా?"

"మూసినా వెళ్తాయండీ."

"ఎప్పట్నుంచి జరుగుతోందమ్మా ఇది?"

"కణాలు పుట్టినప్పట్నుంచీ అయ్యుంటుందండీ."

"అయితే గత ప్రభుత్వం హయాంలోనే మొదలైందన్నమాట."

చిత్తం అన్నారు పక్కనున్న సెక్రటరీగారు. ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు, అందరూ చిత్తంగారనే అంటారు.

దెబ్బ తగిలితే పుండు మానడానికి ఇలా వచ్చే ప్రోటీన్లు కూడా కావాలని మనవరాలు మనవి చేసింది. పుండ్లయినా పద్ధతి ప్రకారమే మానాలన్నారు మంత్రిగారు. కణాలు మాట వినకపోతే ఎలా అంటే దానికీ ఆయన దగ్గర జవాబుంది. పిల్లలు పెద్దల్ని చూసి నేర్చుకుంటారు, కణాలు తామున్న భవనాన్ని చూసి నేర్చుకుంటాయి. కాబట్టి ముందు ఈ భవనానికే ఒకే గేటు. కొత్త సింహద్వారం తప్ప మిగతా తలుపులన్నీ ఇటుకలతో మూసెయ్యాలి. సభంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

చిక్కల్లా మా పిల్లకే వచ్చింది. కణాలుండే పెట్టెలోకి సోడాలో కొట్టే గ్యాసు ఎప్పుడూ అందుతుండాలి. ఆ సిలిండర్ పక్క తలుపులోంచి వచ్చేది. గ్యాసు ఆగితే కణాలు చస్తాయి, వాటితోపాటే దాని ఇన్నేళ్ల చదువూ పోతుంది. పోనీ పెద్ద గేటులోంచి తెప్పించుకుంటానంది. ప్రారంభం కాని గేటులోంచి ఏదీ రాకూడదన్నారు చిత్తంగారు.

ప్రారంభోత్సవం నాడు దానికి భోజనం డబ్బా పట్టుకుని వెళ్లాను. అప్పటికి మూయకుండా మిగిలింది ఒక్క పక్క తలుపే. నా వెనకే మంత్రిగారూ అందులోంచే వచ్చారు. ఆయన ఏ పనీ ఇంకొకరికి వదిలే మనిషి కాదు. ఆ ఆఖరి తలుపు మూయించడం స్వయంగా పర్యవేక్షిస్తానని లోపల నిలబడ్డారు. తాపీమేస్త్రీ బయట నిలబడి ఇటుకలు పేర్చాడు. అక్కడ సందుంది పూడ్చు, ఇక్కడ ఇంకాస్త సిమెంటు పెట్టు అని ఈయన లోపల్నుంచి చెబుతూనే ఉన్నారు. చివరి ఇటుక పడి చీకటి కమ్మాక అందరం చప్పట్లు కొట్టాం.

ఆ తర్వాత రిబ్బను కత్తిరించడానికి బయల్దేరారు. రిబ్బను గేటుకి అవతలి పక్క కట్టి ఉంది. గేటేమో బయటికి తెరుచుకుంటుంది.

"తియ్యండి," అన్నారు మంత్రిగారు.

చిత్తంగారు జీవితంలో మొదటిసారి చిత్తం అనలేదు. "తీస్తే రిబ్బను తెగుతుందండీ. ప్రారంభించకముందే గేటు వాడినవాళ్లకి శిక్ష ఉందని తమరే సంతకం పెట్టారు."

"ఏం శిక్ష?"

"పదవి పోతుందండీ. గట్టిగా ఉండాలని తమరే అన్నారు."

మంత్రిగారు తాను మూయించిన గోడకేసి చూశారు. గోడ చాలా బాగా కట్టారు.

ఇంతలో మనవరాలి గదిలో పెట్టె కుయ్యిమని కూత మొదలెట్టింది. గ్యాసు అడుగంటితే అలా కూస్తుందట. తలుపు మూశాక వచ్చిన కొత్త సిలిండర్ ఆ గది కిటికీ కిందే, బయట, తోపుడుబండి మీద నిలబడి ఉంది. కూత విని అందరూ ఆ గదిలోకే వచ్చారు. భవనం మొత్తానికి చువ్వలు లేని కిటికీ అదొక్కటే. కిటికీ అనేది గేటు కాదు గనక అందులోంచి దిగితే విధానానికి భంగం లేదని చిత్తంగారు తేల్చారు. కిందనుంచి పోలీసులు నిచ్చెన వేశారు.

మంత్రిగారు నిండైన మనిషి. దండలు తీశాం, శాలువా తీశాం, కోటు తీశాం. ఒక చెయ్యి ముందు, తల తర్వాత, భుజం పక్కకి తిప్పి, ఊపిరి పూర్తిగా వదలమని చెప్పి, చిత్తంగారొక కాలూ నేనొక కాలూ పట్టుకుని తోశాం. మా పిల్లా ఒక చెయ్యి వేసింది.

"కొన్ని ప్రోటీన్లూ ఇలాగే అమ్మమ్మా, మడతలన్నీ విప్పుకుంటేగానీ గోడ దాటవు," అంది నా చెవిలో.

ఆయన కిందికి దిగగానే సిలిండర్ని పైకి అందించమని పోలీసుల్ని బతిమాలింది. చిత్తంగారు అడ్డుపడ్డారు. ఈ దారి మంత్రిగారికీ ఆయన పరివారానికీ మాత్రమేనట. మిగతావాళ్లు రిబ్బనూ ఉపన్యాసమూ అయ్యాక గేటులోంచి రావాలట. మంత్రిగారి ఉపన్యాసం పూర్తయ్యేసరికి కణాల సంగతి సరే, విన్నవాళ్లు బతికి ఉంటే గొప్ప.

కూత ఇంకా పెరిగింది. మా పిల్ల కిటికీలోంచి కిందికి చూసి, నిదానంగా అంది.

"ఆయన మంత్రిగారి సలహాదారండీ."

"ఎవరు?"

"ఆ బండి మీద నిలబడ్డాయన."

చిత్తంగారు తొంగిచూశారు. "మాట్లాడతారా?"

"ఇంతవరకూ మాట్లాడలేదండీ."

"అయితే మనవాళ్లే," అన్నారు చిత్తంగారు.

పోలీసులు సెల్యూట్ కొట్టి, ఆయన్ని భుజాలకెత్తుకుని నిచ్చెన ఎక్కించారు. ఇవతల్నుంచి మేం అందుకున్నాం. చల్లగా, బరువుగా, మంచి హుందాగా ఉన్నారు. మా పిల్ల గొట్టం తగిలించింది. కూత ఆగింది. అది కాసేపు గిన్నెల వంక చూసి, నేలమీద కూలబడి, పొద్దుట్నుంచీ తిననిదంతా ఒక్కసారి తినడం మొదలెట్టింది.

మంత్రిగారు రిబ్బను కత్తిరించి, ఇక దేశంలో దొడ్డిదారులు లేవని ప్రకటించి, కోటు కోసం కిటికీ కిందికి వచ్చారు.

"ఇందాక పైకెక్కిన ఆ కొత్త సలహాదారు ఒకే గేటు గురించి ఏమంటున్నారయ్యా?" అన్నారు తలెత్తి.

"వ్యతిరేకంగా ఒక్క ముక్క కూడా అనలేదండీ," అన్నారు చిత్తంగారు, కిటికీలోంచి కోటు అందిస్తూ.

మంత్రిగారు కోటు తొడుక్కున్నారు.

"అలాంటి మనిషికి సలహాదారు పదవి చిన్నదైపోతుంది," అన్నారు. "ఏదైనా శాఖ చూడండి."