ఏడో నెల శాంపిల్

ఆ ఉదయం డ్రైవింగు మాస్టారు చేయాల్సిన పని ఒక్కటే. ఫ్రిజ్‌లోంచి తెల్ల డబ్బా తీసుకెళ్లి, దారిలో ఆసుపత్రి ల్యాబులో ఇచ్చేసి, తన పాఠాలు తాను చెప్పుకోవడం. పెళ్లయ్యాక అంతకన్నా తేలికైన పని అతనికెవరూ అప్పగించలేదు.

డబ్బాలో ఉన్నది అతని భార్య శాంపిల్. అదేం శాంపిలో మర్యాదస్తులు పైకి చెప్పుకోలేరు కాబట్టి ఇంట్లో దాన్ని 'సరుకు' అంటున్నారు. ఆవిడ హైస్కూల్లో భూగోళం టీచరు. ఏడో నెల. ఈ మధ్యే పరీక్షల్లో గర్భంతో పాటు వచ్చే షుగరు బయటపడింది. అలాంటి వాళ్ల పేగుల్లో ఏయే బాక్టీరియా కాపురం ఉంటున్నాయో చూస్తామని ఆసుపత్రిలో పరిశోధన చేసే డాక్టరమ్మ అడిగితే, నలుగురికి పనికొచ్చే పనే కదా అని ఒప్పుకుంది. తీరా ఇవ్వాల్సిన సమయానికి పేగులు మొండికేశాయి. బతిమాలగా బతిమాలగా ఇవాళ తెల్లవారాక కరుణించాయి.

"ఏవండీ, జాగ్రత్త. మళ్లీ ఇమ్మంటే నావల్ల కాదు" అంది టీచరు.

"రోజూ జనం ప్రాణాలు నా చేతుల్లో పెట్టుకుని తిరుగుతాను. ఇదెంత?" అన్నాడు మాస్టారు.

కారు దగ్గర తాళం ఏ జేబులో ఉందో వెతుక్కోవడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చాయి. డబ్బాను కారు పైన పెట్టాడు. తాళం దొరికింది. దొరికిన సంతోషంలో కారెక్కి వెళ్లిపోయాడు.

వీధి మలుపులో అతని మొదటి శిష్యుడు, పళ్ల డాక్టరు, ఎదురు చూస్తున్నాడు. ఎన్ని దవడ పళ్లనైనా జంకు లేకుండా పీకే ఆ మనిషి, స్టీరింగు పట్టుకుంటే మాత్రం గజగజలాడిపోతాడు. నాలుగు రోడ్ల కూడలిలో పావురమొకటి అడ్డం రాగానే ఉన్న బలమంతా బ్రేకు మీద పెట్టాడు. కారు ఆగింది. కారు పైనున్నది ఆగలేదు. తెల్లగా ఏదో అద్దం మీదుగా ఎగిరి రోడ్డున పడింది. పక్కనుంచి వచ్చిన బస్సు దాని మీదుగా తాపీగా వెళ్లిపోయింది.

"అయ్యో! పావురమేనాండీ?" అన్నాడు పళ్ల డాక్టరు, కళ్లు మూసుకునే.

"పావురం కాదండీ" అన్నాడు మాస్టారు నీరసంగా. "మా ఆవిడ."

పళ్ల డాక్టరుకు నీళ్లు తాగించి, జరిగింది చెప్పి, ఇంటి దగ్గర దింపేసరికి కొంత పొద్దు పోయింది. ఇక మాస్టారికి రెండే దారులు. ఒకటి, ఇంటికెళ్లి నిజం చెప్పడం. ఆ దారి అతను చూడను కూడా చూడలేదు. రెండోది ఆసుపత్రికెళ్లింది. ల్యాబు కిటికీ దగ్గర "డబ్బా మూత సరిగ్గా పట్టలేదండీ, ఇంకోటివ్వండి" అని కొత్త డబ్బా పుచ్చుకుని, నేరుగా మగవాళ్ల మరుగుదొడ్డిలోకి నడిచాడు. అతని పేగులు ఏనాడూ యజమాని మాట జవదాటినవి కావు. పైగా పొద్దున్నే రెండు తీపి బన్నులు తిని ఉన్నాడు.

'ఒకే ఇల్లు, ఒకే వంట, ఒకే ఫ్రిజ్. ఆవిడ కడుపులో ఉండేవి నా కడుపులో మాత్రం ఉండవా?' అనుకుంటూ డబ్బా మీద భార్య పేరు రాసి ఇచ్చేశాడు.

కొన్నాళ్లకు డాక్టరమ్మ ఇద్దర్నీ పిలిపించింది. కంప్యూటరు తెర మీద రంగురంగుల గీతలు చూపిస్తూ ఆమె మొహం ఎలా పెట్టాలో తేల్చుకోలేకపోయింది.

"మీ మందులు దీన్ని బట్టి మారవు. వాటికి రక్తంలో షుగరే లెక్క. కానీ ఇంత చెడ్డ గుంపును నేనింతవరకు చూళ్లేదమ్మా. మంచి రకాలు కరువైపోయాయి. చెడ్డవేమో పండగ చేసుకుంటున్నాయి. మీరు చాటుగా ఏమైనా తింటున్నారా?"

"నేనా?" అంది టీచరు.

మాస్టారు కిటికీలోంచి చెట్ల పచ్చదనాన్ని మెచ్చుకోవడంలో మునిగిపోయాడు.

ఆ రోజు నుంచి టీచరు కంచంలో ఉన్న కాస్త బ్రెడ్డు, బంగాళాదుంప కూడా మాయమయ్యాయి. కూతురి సంగతి విని అత్తగారు రైలు దిగింది, చంకలో పెరుగు కుండతో సహా. "పేగుల్లో చెడ్డ పురుగులుంటే మంచి పురుగుల్ని పంపాలి. అవే తన్నుకుంటాయి" అన్నది ఆవిడ సిద్ధాంతం.

ఓ సాయంత్రం టీచరు దోసకాయ ముక్కల ముందు కూర్చుని ఉన్నట్టుండి ఏడ్చేసింది. "నేనేం తప్పు చేశానండీ? చెప్పినవన్నీ మానేశాను. నా కడుపులో ఇంత పాడు పెట్టుకుని బిడ్డని మోస్తున్నాను."

మాస్టారు చెప్పేద్దామని నోరు తెరిచాడు. వెనకనుంచి వచ్చిన అత్తగారు అందులో చెంచాడు పెరుగు పెట్టింది.

"తినండి అల్లుడుగారూ! మీరు తింటే అమ్మాయి కూడా తింటుంది."

మింగేసరికి ధైర్యం కూడా కిందికి జారిపోయింది.

రెండోసారి శాంపిల్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాస్టారు కారు తియ్యనే లేదు. డబ్బాను గుండెకు హత్తుకుని నడుచుకుంటూ వెళ్లి ఇచ్చి వచ్చాడు. అదే కొంప ముంచింది.

"అమ్మా, ఇది నమ్మలేకపోతున్నాను!" అంది డాక్టరమ్మ ఫోనులో. "ఊరు ఊరంతా ఖాళీ చేసి కొత్త జనం దిగినట్టుంది! ఏం చేశారు?"

"పెరుగు!" అని అత్తగారు ఫోను లాక్కుంది. "నా పెరుగు!"

మర్నాటికల్లా ఆ మాట వాళ్లుండే భవనంలోని అన్ని అంతస్తులూ ఎక్కి దిగింది. మెట్ల మీద గిన్నెలతో జనం. మోకాళ్ల నొప్పికి ఒకరు, నిద్ర పట్టనందుకు ఒకరు. కింది వాటా బట్టతలాయన లోపలికి తినాలా, పైన రాసుకోవాలా అని అడిగి వెళ్లాడు. పళ్ల డాక్టరు కూడా ఫోన్ చేసి, దానివల్ల బ్రేకు భయం తగ్గుతుందా అన్నాడు. అత్తగారు ఎవర్నీ నిరుత్సాహపరచలేదు.

ఈ వింత చూపిద్దామని డాక్టరమ్మ తన తోటి డాక్టర్లందరినీ సమావేశపరిచి, ఇంటిల్లిపాదినీ రమ్మంది. ఆసుపత్రి వరండాలో అత్తగారు కుండతో పీఠాధిపతిలా కూర్చుంది. పక్కనే నిండు గర్భిణి ఒకామె వినయంగా వంగి అడుగుతోంది.

"పిన్నిగారూ, రోజుకెంత తినాలండీ? ఇది దొరికిందిగా, రేపట్నుంచి ఆ ఇన్సులిన్ సూదులు మానేస్తాను."

"హాయిగా మానెయ్యమ్మా" అంటోంది అత్తగారు.

ఆ మాట మాస్టారి చెవిన పడింది. భార్య కోపం, డాక్టర్ల ముందు పరువు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. వాటన్నిటినీ పక్కకు నెట్టి ఆ గర్భిణి మానేస్తానన్న సూది నిలబడింది.

"మానొద్దమ్మా!" అని కేక పెట్టాడు. "పెరుగూ లేదు, మహిమా లేదు! ఆ మొదటి శాంపిల్ నాది!"

వరండాలో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. స్ట్రెచర్ తోసుకెళ్తున్న మనిషి కూడా ఆగి చూశాడు. టీచరు మాత్రం, ప్రపంచ పటంలో సముద్రం ఎక్కడుందో తెలియని పిల్లాణ్ని చూసినట్టు భర్తను చూసింది.

లోపల గదిలో అతను మొత్తం చెప్పాడు. కారు పైకప్పు, పావురం, బస్సు, మరుగుదొడ్డి, బన్నులు. డాక్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అంటే ఇన్నాళ్లూ నేను పస్తులున్నది మీ కడుపు కోసమా?" అంది టీచరు.

"క్షమించు" అన్నాడు మాస్టారు.

డాక్టరమ్మ తిడుతుందనుకున్నారు. ఆమె అతని పొట్ట వైపు చూస్తూ ఉండిపోయింది.

"మీకు దాహం ఎక్కువగా వేస్తోందా?"

"ఎండలో పనండీ, వెయ్యదూ?"

"ఊరికే అలసట?"

"మా శిష్యులతో తిరిగితే మీకూ వస్తుంది."

"ఏదీ, వేలివ్వండి."

వేలు గుచ్చారు. చిన్న మిషన్‌లో అంకె కనబడింది. నర్సు అనుమానంతో ఇంకో వేలు గుచ్చింది. అదే మాట. రక్తం తీసి ల్యాబుకు పంపితే అక్కడా అదే తేలింది. మాస్టారికి షుగరు ఉంది, కొత్తగా వచ్చింది కూడా కాదు.

టీచరుకు నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ, "డాక్టరుగారూ, అయితే నా బ్రెడ్డు?" అని అడిగింది.

"మొదట చెప్పినంత తినొచ్చు. మీవి చాలా మర్యాదస్తుల పేగులమ్మా."

"మరి నా పెరుగు?" అంది అత్తగారు చిన్నబోయి.

"మంచిదే, తినండి. మందుల జోలికి మాత్రం రానివ్వకండి."

అత్తగారు వరండాలోని గర్భిణిని వెతికి పట్టుకుని, సూదులు మానొద్దని తన మీద ఒట్టు వేయించుకుంది. తర్వాత కుండ తెచ్చి అల్లుడి ఒళ్లో పెట్టింది.

ఆ ఇంట్లో కంచాలు తారుమారయ్యాయి. దోసకాయ ముక్కలు మాస్టారి వైపు జరిగాయి. కారు సీటు కింది బన్నులను టీచరు స్వయంగా జప్తు చేసింది. సమయానికి బొద్దుగా, ఆరోగ్యంగా ఆడపిల్ల పుట్టింది. ప్రసవం కాగానే టీచరు షుగరు మామూలైపోయింది.

మాస్టారికి మాత్రం ఇంకా నెలలు నిండలేదు.