ఇంటిపెద్ద వాలుగ

రాజమండ్రిలో కామేశం ఇంట్లో గాజుతొట్టిలో పెరుగుతున్న వాలుగ చేపను వార్డు సర్వేవారు బుధవారం ఉదయం ఆ కుటుంబానికి పెద్దగా నమోదు చేశారు. ఇందులో ఎవరి పక్షపాతమూ లేదు. ఆ వీధిలో అప్పటికే రెండిళ్ళకు టీవీలూ, ఒక ఇంటికి చనిపోయిన తాతగారి పడక కుర్చీ ఇంటిపెద్దలుగా ఉన్నాయి.

రెండేళ్ళ క్రితం కామేశమే దాన్ని జానెడు పిల్లగా తెచ్చాడు. తొట్టి ఎంతుంటే చేప అంతే పెరుగుతుందని దుకాణదారు చెప్పాడు. ఆ సంగతి చేపకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడది ఐదడుగులుంది, తొట్టి హాలంతా ఉంది. కామేశం భార్య సత్యవేణి గోడవారగా పక్కకు తిరిగి వంటింట్లోకి నడుస్తుంది.

సర్వే ఉద్యోగి పోలినాయుడి ఫారంలో ప్రశ్నలు మూడే. ఇంట్లో ముందు ఎవరికి వడ్డిస్తారు? ఎవరికి కోపమొస్తే మిగతావాళ్ళు నోరు మూసుకుంటారు? ఎవరి వీలు చూసుకుని ఊళ్ళకు వెళ్తారు? వాలుగకు మేతగా చిన్న పరిగె చేపలు వేయందే ఆ ఇంట్లో కంచం పెట్టరు. అది తోక కొడితే టీవీ కట్టేస్తారు. అన్నవరం ప్రయాణం దానివల్లే మూడుసార్లు ఆగిపోయింది.

కామేశానికి తల కొట్టేసినట్టయింది.

"ఇరవై ఏళ్ళబట్టీ ఈ ఇంటికి పెద్దని నేనండి బాబూ! నాకూ ముందే వడ్డించేవారు. నేను అరిస్తే ఇంట్లో పిల్లి కూడా కదిలేది కాదు."

"మీకూ అర్హతలున్నాయండి, కాదన్లేదు. గడి ఒక్కటే ఉందండి మరి," అన్నాడు పోలినాయుడు. "ఫారం ఇంకా మూయలేదు. మీరే పెద్దని అమ్మగారు ఒక్క మాట చెబితే మార్చేస్తాను."

కామేశం భార్య వైపు చూశాడు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆ చూపులో బతిమాలాట ఉంది. సత్యవేణి చేతులు కొంగుకు తుడుచుకుని తొట్టిలోకి చూసింది, తర్వాత మొగుడి వంక చూసింది. నిజంగానే ఆలోచించింది.

"చేపనే ఉంచండి బాబూ. కూరలో ఉప్పు తక్కువైందని ఇది ఏనాడూ కంచం విసర్లేదు."

పోలినాయుడు ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. కామేశం పేరును ఆధారపడినవారి జాబితాలోకి మార్చాడు. వేలిముద్ర బదులు రెక్క ముద్ర తీసుకుంటుంటే వాలుగ అతని చేతి వాచీ మింగేసింది. ఇంటిపెద్దల దగ్గర ఇది మామూలేనని చెప్పి, మొగుడూపెళ్ళాల చేత సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం సత్యవేణి చేపకు పరిగెలు వేసింది. కామేశం అలవాటు కొద్దీ పీట మీద కూర్చోబోయి ఆగాడు.

"మరి నేనెక్కడ కూర్చోనే?"

ఆమె వంటింటి గుమ్మం పక్కన నేల చూపించింది. అక్కడ గచ్చు నున్నగా అరిగి ఉంది.

"ఇక్కడండి. పెద్దవాళ్ళ భోజనం అయ్యేదాకా ఇక్కడే. మొదటి ఏడాదే ఆకలేస్తదండి, తర్వాత అలవాటైపోద్ది."

కామేశం కూర్చున్నాడు. చేప తీరిగ్గా తింటోంది.