చలిమంట ఫోటోకి మూడు సంతకాలు

ఆదివారం పొద్దున ఉమామహేశ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి టీ తాగడం, ఎనిమిదింటికల్లా ముగ్గురి చేత మూడు సంతకాలు పెట్టించుకోవడం, తొమ్మిదింటి బస్సుకు భార్య శివలీలను ఆదోనిలో ఉన్న వాళ్లక్క ఇంటికి తీసుకుపోవడం. బూదిగుంట ఏమంత పెద్ద ఊరని? మూడు సంతకాలకు గంట చాలదా అనుకున్నాడు.

ఉమామహేశ్‌ది కరెంటు మీటర్ల రీడింగు తీసే పని. రోజుకు నూటయాభై మీటర్లను సెల్లుతో ఫోటో తీసే చెయ్యి అది. మీటర్లను చూసి చూసి విసుగు పుట్టినప్పుడు అదే సెల్లును పక్కకు తిప్పి మంచు పట్టిన జొన్నచేనునో, మంద వెనకాల నడిచే గొర్రెల కాపరినో తీసి 'సీమ చలిచిత్రాలు' అనే వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. కర్నూలు, కడప వైపు జనం చాలామంది ఉన్న గ్రూపు అది. పొద్దున లేస్తే మహానంది అరటితోటల మీద మంచు, మైదుకూరు పసుపు కళ్లాలు, కమలాపురం రోడ్డు మీద పొగలు కక్కే టీ బండి. అంత సందడిలోనూ ఉమామహేశ్ ఫోటోలకు నాలుగేళ్లలో వచ్చింది ఒకే ఒక్క నమస్కారం గుర్తు. అది పెట్టినాయన కూడా పొరపాటు తెలుసుకుని వెంటనే తీసేశాడు.

అలాంటిది ఆ ఆదివారం ఆరున్నరకే గ్రూపు పెద్ద, రిటైరైన డ్రాయింగు మాస్టరు వీరేష్ సార్ కడప నుంచి ఫోను చేశాడు.

"నీ చలిమంట ఫోటో శానా బాగుండాది ఉమామహేశ్. మన క్యాలెండర్లో జనవరికి దాన్నే ఏస్తాండాం. కింద నీ పేరు పడతాది. కాకపోతే దాంట్లో మనుషులుండారు గదా, వాళ్లు ఒప్పుకున్నట్టు సంతకాలు కావాల. సాయంత్రం ఐదు లోపల పంపు. లేకుంటే ఇంకొకాయన కొంగల ఫోటో రడీగా ఉండాది."

ఉమామహేశ్‌కు కాళ్లు నేల మీద నిలవలేదు. ఆయన పేరు అంతవరకు అచ్చు మొహం చూడాల్సింది ఒకే ఒక్కసారి, తన పెళ్లిపత్రికలో. అప్పుడు కూడా ప్రెస్సువాళ్లు పెళ్లికొడుకు చోట మామగారి పేరు వేసి పంచిపెట్టేశారు. ముప్పై నాలుగేళ్లు వచ్చాయి, తన పేరు తనకు అచ్చులో కనబడలేదన్న బాధ ఆయనకు నిజంగానే ఉంది. ఆ సంబరంలో ఒక్క నిమిషం కూడా ఆగలేక ఫోటోను 'మన బూదిగుంట' గ్రూపులో పెట్టేశాడు.

"ముందు సంతకాలు పెట్టిచ్చుకోని, ఆమైన ఊరికి సూపియ్యల్లప్పా," అంది శివలీల సంచి సర్దుకుంటూ. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నెట్లుండాది నీ యవ్వారం."

"పెడితే ఏమైతాది? వాళ్లే సంబరపడి ఇంటికొచ్చి పెట్టిపోతారు."

ఫోటో మాత్రం బాగా వచ్చిందని ఒప్పుకోవాలి. బస్టాపు దగ్గర తెల్లవారుజామున కమ్ముకున్న మంచు, మధ్యలో ఎర్రటి మంట, చుట్టూ కళ్ల దాకా కప్పుకున్న ముగ్గురు. మంటలోంచి బయటికి పొడుచుకొచ్చి కాలుతున్న ఒక కట్టె, దాని మీద చక్కగా చెక్కిన పూలు. ఆ పూల వల్లే ఫోటోకు అందం వచ్చిందని వీరేష్ సార్ కూడా అన్నాడు.

పది నిమిషాలకు ఊరి గ్రూపులో రాహేలమ్మ గొంతు వినబడింది. ఊరి చివర ఉండే లేవి భార్య ఆమె.

"ఆ మంటలో కాలుతాండేది నా మంచం కోడు! ఆ పూలు నాకు తెల్దా? మా నాయన దగ్గరుండి చెక్కిచ్చిన మంచమది. నవారు మార్చల్లని ఇప్పి గోడకు ఆనిచ్చింటే ఒక కోడు మాయమాయ. పది దినాల నుంచి ఎతుకుతాండా. ఆ మంట కాడ కూచున్న్యోళ్లు ఎవురో ఈపొద్దు తేలాల. చర్చి ఇడిసినాక వస్తా!"

అంతే. అప్పటి నుంచి బూదిగుంటలో ఆ ఫోటోను వేళ్లతో సాగదీయని మనిషి లేడు. ఉమామహేశ్ చేతిలో ఉన్న ఒప్పుదల పత్రం కాస్తా నేరం ఒప్పుకునే పత్రమైపోయింది.

మొదట రంగన్న దగ్గరికి పోయాడు. ఆయన వరసకు మేనమామ, ఎద్దులకు మేత వేస్తున్నాడు.

"అది నేను కాదప్పా," అన్నాడు రంగన్న ఫోటో చూడకుండానే.

"మామా, ఆ ఎర్ర అంచు కంబళి నీదే గదా?"

"కంబళి నాదే. లోపల ఉండేది నేనని ఎట్ల చెప్తావు?"

ఉమామహేశ్ అక్కడి నుంచి సిద్దమ్మ అవ్వ ఇంటికి పరుగెత్తాడు. అవ్వ గడపలోనే దుప్పటి ముసుగేసుకుని మూలుగుతోంది.

"ఆ పొద్దు నాకు జరం నాయనా. లేసి కూచునేకి గూడా శాతకాలే."

"అవ్వా, పొగకు కండ్లు మండుతాండాయి, బిరీన తియ్యిరా అని నువ్వే గదా అంటివి!"

"జరంలో ఏమేమో అనింటా."

మూడోవాడి దగ్గరికి పోవాల్సిన పని లేకపోయింది. లేవే ఎదురొచ్చి ఉమామహేశ్‌ను గడ్డివామి చాటుకు లాక్కుపోయాడు.

"ఆ కోడు ఏసింది నేనేప్పా. చీకట్లో కట్టె అనుకోని ఎత్తకపోయినా. మంట పట్టుకున్న్యాక సూస్తే పూలు కనపడె. అప్పుటికే సగం పాయ. నీకు దండం పెడతా, ఆ ఫోటో తీసెయ్యి."

"మొకం యాడ కనపడుతాది లేన్నా? టోపీ కండ్ల దాకా ఉండాది."

"ఆ టోపీ కొనిచ్చిందే మీ వదిన!"

ఉమామహేశ్‌కు లేవి మీద జాలేసింది. ఆ జాలి పక్కనే కొంగల ఫోటో కూడా కనబడి కడుపు మండింది. ఇంటికొచ్చేసరికి తొమ్మిదింటి బస్సు పోయి చాలాసేపైంది. శివలీల సర్దిన సంచిని ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నం ఒకటిన్నర దాకా వాకిట్లోకీ నడింట్లోకీ కాలుగాలిన పిల్లిలా తిరిగి, ఉండబట్టలేక వీరేష్ సార్‌కు ఫోను చేశాడు.

"సార్, ఫోటోలో ఉండేవాళ్ల పేర్లు గూడా అచ్చేస్తారా?"

"దానికేముంది, ఏద్దాం లేప్పా."

వెంటనే ఊరి గ్రూపులో రాశాడు. చలిమంట దగ్గర ఉన్నవారి పేర్లు క్యాలెండర్‌లో పడతాయి, అది కర్నూలు నుంచి కడప దాకా గోడలకు వేలాడుతుంది, సంతకాలు ఐదు లోపల.

తనకు ఎంత తెలివి ఉందో అని మురిసిపోవడానికి ఆయనకు పావుగంట దొరికింది. ఆ తర్వాత వాకిలి నిండిపోయింది. రెండు గంటల ఎండలో ఎర్ర అంచు కంబళి నిండా కప్పుకుని, చెమటలు కక్కుతూ రంగన్న వచ్చాడు.

"సూడు, నేనే. లోపల గూడా నేనే."

సిద్దమ్మ అవ్వకు జ్వరం దిగిపోయింది. వేలిముద్ర వేసి, తన పేరు అందరికంటే పైన ఉండాలంది. ఆమె వెనక ఒకడు అగ్గిపెట్టె తనదన్నాడు. ఒకాయన ఫోటోకు కుడి పక్కన, బయట కూర్చున్నానన్నాడు. ఇంకొకాయన అప్పుడే లేచి ఒంటికి పోయానన్నాడు, తన చోటు ఖాళీగా కనబడుతోంది చూడమన్నాడు. కాదంటే వచ్చే నెల వాళ్ల ఇళ్లకు మీటరు చూడ్డానికి పోవాల్సింది తనే కదా అని ఉమామహేశ్ అందరి పేర్లూ రాసుకున్నాడు. నాలుగు గంటలకు కాగితం మీద పదకొండు పేర్లయ్యాయి. నిజంగా మంట దగ్గర ఉన్న లేవి పేరు మాత్రం అందులో లేదు.

అప్పుడు వచ్చింది రాహేలమ్మ. జనం పక్కకు జరిగారు. ఆమె ఉమామహేశ్ చేతిలోని సెల్లు తీసుకుని, ఫోటోను సాగదీసి, పూల కట్టెను చూసి ఒక్క క్షణం కళ్లు తుడుచుకుంది. తర్వాత ఫోటోను పక్కకు జరిపింది. టోపీ దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"ఏమయ్యా, ఇట్లా రా," అంది వెనక్కి తిరగకుండానే.

అందరి వెనకాల దాక్కున్న లేవి ముందుకు రాక తప్పలేదు.

"పెట్టు సంతకం."

"యాలమ్మే, పోనీలే..."

"పెట్టు! నువ్వు చేసిన పని ఏడాది పొడుగునా గోడకు ఏలాడల్ల."

లేవి పెట్టాడు. అంతటితో గండం గడిచిందనుకుని ఉమామహేశ్ కాగితం అందుకోబోతే రాహేలమ్మ దాన్ని వదల్లేదు.

"ఉత్త కూచోని చలి కాంచుకున్న్యోళ్లకు పేర్లుంటే, కాలిపోయిన దానికి వద్దా? మా నాయన మంచమది. కోడు రాహేలమ్మది అని రాయి. లేకుంటే ఈ కాగితం కూడా మంటలోకే పోతాది."

రాశాడు. ఐదుకు ఐదు నిమిషాలుండగా కాగితం ఫోటో కడపకు చేరింది. వీరేష్ సార్ వెంటనే ఫోను చేశాడు.

"ముగ్గురే కనపడుతాండారు. పన్నెండు సంతకాలేందప్పా?"

"మిగిలినోళ్లు పొగలో ఉండారు సార్."

జనవరి రెండో తేదీకి బూదిగుంటకు క్యాలెండర్ల కట్ట వచ్చింది. ఉమామహేశ్ బస్సు దగ్గరే దారం తెంపి మొదటి కాగితం తీశాడు. ఫోటో నిండుగా, మంట వెచ్చగా కనబడింది. కింద సిద్దమ్మ మొదలు లేవి దాకా పన్నెండు పేర్లు రెండు వరసల్లో ఉన్నాయి. మూడో వరసలో 'మంచం కోడు: రాహేలమ్మ' అని ఉంది. దాని కింద తారీకులు మొదలయ్యాయి. ఉమామహేశ్ కాగితం తిప్పి వెనక కూడా చూశాడు. తన పేరు ఎక్కడా లేదు. అక్కడి నుంచే కడపకు ఫోను చేశాడు.

"చోటు చాల్లేదు ఉమామహేశ్," అన్నాడు వీరేష్ సార్ నొచ్చుకుంటూ. "నీ మనుషుల పేర్లు తీసేసేకి మనసు రాలే. తీసింది నువ్వని ఊరికి తెలుసు గదా, పోనీలే."

ఊరికి తెలుసు, నిజమే. కానీ ఊరు ఆ వారమంతా క్యాలెండర్లో తన పేరు వెతుక్కోవడంలో మునిగిపోయింది. శివలీల ఒకటి తీసుకుని నడింట్లో మేకుకు తగిలించి, కింది వరసలు చదివి, మొగుడి మొహం చూసి, ఆ పూట అడక్కుండానే టీ పెట్టిచ్చింది.

అప్పటి నుంచి ఉమామహేశ్ ఊరి వెనక ఉన్న కొండలనే ఫోటోలు తీస్తున్నాడు. కొండలకు సంతకం పెట్టడం రాదు.