నవ్వితేనే ఫోటో తీసే కెమెరా

మా తోడల్లుడు పళ్ళ డాక్టరు. పోయిన నెల జేబులో పట్టే కెమెరా ఒకటి కొన్నాడు. నీళ్ళలో మునిగినా పనిచేస్తుందని అత్తగారి కళ్ళ ముందే బకెట్లో ముంచి, ఫోటో తీసి చూపించాడు. ఆవిడ చప్పట్లు కొట్టింది. మా ఆవిడా కొట్టింది.

నేను ఏళ్ళ తరబడి వానలో తడుస్తూ వెళ్ళి పనిచేసి వస్తున్నాను. ఒక్కరైనా చప్పట్లు కొట్టారా?

వారం తిరక్కుండా రెండు నెలల జీతం పోసి అంతకన్నా ఖరీదైన కెమెరా తెచ్చాను. బటన్ నొక్కక్కర్లేదు. ఎదుటివాళ్ళు నవ్వితే చాలు, తనంతట తనే ఫోటో తీసేస్తుంది.

"ఎంతండీ?" అంది మా ఆవిడ.

"ధర అడక్కు, దాని తెలివి చూడు."

"అయితే తెలివంతా దానికే ఉందన్నమాట."

ఆదివారం అత్తగారింట్లో అందరినీ సోఫాలో కూర్చోబెట్టి, కెమెరాను బల్ల మీద పెట్టి, పరుగున వెళ్ళి నేనూ ఇరుక్కున్నాను.

"ఊఁ, నవ్వండి!"

కట్టుడు పళ్ళు జారతాయని అత్తగారు పెదవి విప్పలేదు. నా జీతం తలుచుకుని మా ఆవిడకు నవ్వు రాలేదు. డాక్టరు మాత్రం ముప్ఫై రెండు పళ్ళూ బయటపెట్టాడు.

క్లిక్!

మళ్ళీ నవ్వాడు. మళ్ళీ క్లిక్! నలభై ఫోటోలు పడ్డాయి. అన్నిట్లోనూ వెలిగిపోతున్నది అతనే, పక్కన మాడిపోతున్నది నేను.

"దానిక్కూడా చిన్నల్లుడుగారంటేనే ఇష్టంలా ఉందే!" అని మురిసిపోయింది అత్తగారు.

"మీరూ నవ్వండి, అన్నయ్యగారూ!" అన్నాడతను.

"నవ్వుతూనే ఉన్నానయ్యా!" అంటూ పళ్ళు పటపట కొరికాను.

టప్‌మంది. కెమెరా కాదు, నా దవడ పన్ను.

మర్నాడు పొద్దున్నే అతని ఆస్పత్రి కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నాను. మత్తు సూది పొడిచి, గంటసేపు కష్టపడి పన్ను బాగుచేశాడు. ఫీజెంతని దర్జాగా వేళ్ళతో అడిగాను.

"వదినగారు ఇచ్చేశారు కదండీ!"

"కెమెరా ఇచ్చేశాను," అంది పక్కనే నిలబడ్డ మా ఆవిడ. "పళ్ళు బాగైనవాళ్ళు నవ్వితే ఫోటో తీసి గోడకు పెట్టుకుంటారట మరిదిగారు."

'నా కెమెరా నాకిచ్చెయ్' అని అరిచాను. మొద్దుబారిన నోట్లోంచి, "ఆ ఎవెయా ఆ ఇఎయ్!" అని వచ్చింది.

"ఏమంటున్నారు వదినా?"

"చాలా సంతోషమట."

డాక్టరు కెమెరా నా వైపు తిప్పాడు. మత్తుకు నా మూతి ఒక పక్కకు సాగిపోయి ఉంది. అదే నవ్వనుకుంది పాపం కెమెరా.

క్లిక్!

ఆ ఆస్పత్రి గోడ మీద మొట్టమొదటి ఫోటో నాదే. కింద మా ఆవిడ చక్కటి దస్తూరీతో రాసింది: 'సంతృప్తి చెందిన పేషెంటు.'