పదకొండోసారి బిగించిన నట్టు

తాళం ఒక్కసారి వేసి, వెనక్కి చూడకుండా పోయేవాణ్ని ఆరోగ్యవంతుడని ఎవరు నిర్ణయించారు? ఎన్నో ఏళ్ళుగా నాకీ సందేహం. నన్నడిగితే, పదకొండుసార్లు లాగి చూసే జబ్బు ఊరందరికీ రావాలి!

నరసరావుపేటలో మా పక్కింటి మన్సూర్‌కి అల్లాహ్ దాన్ని ధారాళంగా ఇచ్చాడు. బైకు మెకానిక్. డాక్టర్లు దాన్ని ఓసీడీ అంటారట. మేం గ్యారంటీ అంటాం. ఏ షోరూమ్‌లో ఒక్కో నట్టును పదకొండుసార్లు బిగిస్తారు చెప్పండి? అదీ పైసా చార్జీ లేకుండా!

రోడ్డు కాంట్రాక్టరుకు ఈ జబ్బుంటే గుంటలుండేవా? చదవకుండానే మెసేజీలు ఫార్వర్డ్ చేసే మా బావమరిది అక్రంకు ఉంటే ఊళ్ళో సగం తగాదాలుండేవా? ఏదీ చూడనివాళ్ళంతా ఆరోగ్యంగా ఉన్నారు. చూసేవాడికే జబ్బు!

వుజూ సంగతీ అంతే. నమాజుకు ముందు మేం కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికి పోతాం. మన్సూర్ మాత్రం కడిగిందే కడుగుతూ, నమాజు ముగిసేదాకా కుళాయి దగ్గరే ఉంటాడు. దేవుడు ఎప్పుడో సరేనని ఉంటాడు. అతని మనసే ఒప్పుకోదు.

ఇంత నిదానస్తుడు తొందరపడడని అనుకోకండి. అది ఈ జబ్బులో అదనపు సౌకర్యం! అనుమానం పొడిచిందా, ఇక క్షణం ఆగలేడు. పోయిన నెల ముప్పాళ్ళ ఊరి నుంచి వచ్చిన వెంకట్రామయ్యగారు సర్వీసైన బండి తీసుకెళ్ళారు. అరగంటకు మన్సూర్ స్పానరు పట్టుకుని, రిపేరుకొచ్చిన ఇంకెవరి బండో ఎక్కి వెంటపడ్డాడు. షెడ్డుకు తాళం కాదు, తలుపే వేయలేదు!

వెంకట్రామయ్యగారు అప్పుడే అన్నం ముందు కూర్చున్నారట.

“ఏందయ్యా, నా బండికి ఏమైంది?”

“ఏం కాలేదు సార్. అయిందేమోనని.”

స్పానరు వేసి చూస్తే చక్రం నట్టు గట్టిగానే ఉంది. ఆయన ఎంగిలిచేత్తోనే వాకిట్లోకొచ్చి, “ఒరేయ్, ఇట్టాంటి మెకానిక్ జిల్లాలో ఇంకోడున్నాడేంది!” అని వీధివాళ్ళందరికీ చూపించారు.

తిరిగొస్తుండగా, తను ఎక్కిన బండి బ్రేకుల రిపేరుకే వచ్చిందని మన్సూర్‌కి గుర్తొచ్చింది. అప్పటికే ఎదురుగా సిమెంటు లారీ ఉంది. పక్కకు తిప్పి పొలంలో పడ్డాడు. మోకాలికి పన్నెండు కుట్లు.

పరామర్శకు పోయి నవ్వించబోయాం. అతని భార్య ఫర్జానా నవ్వలేదు.

“అన్నా, మూడేళ్ళ నాడే గుంటూరు డాక్టరుకు చూపిద్దామంటే, ‘జబ్బేందమ్మా, చానా మంచి పనోడు’ అన్నారు మీరంతా. నీళ్ళలో నాని పగిలిన ఆ చేతులు ఒక్కసారన్నా చూశారా?”

చూశాను. మా బళ్ళన్నిటినీ బిగించిన చేతులే. వేళ్ళ సందుల్లో నెత్తుటి చారలు.

“ఆగుదామనే అనుకుంటా భాయ్,” అన్నాడు మన్సూర్. “ఆగలేను.”

మరుసటి సోమవారం వాళ్ళిద్దరినీ గుంటూరు బస్సెక్కించి, నేనూ వెంట వెళ్ళాను. డాక్టరు ఓపిగ్గా అంతా విన్నాడు. మందులు వాడుతూ, వారం వారం వచ్చి మాట్లాడి వెళితే తగ్గుతుందన్నాడు. తర్వాత కాగితం మీంచి తలెత్తి, “జబ్బు మొదలై ఎనిమిదేళ్ళా? ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?” అన్నాడు.

మన్సూర్ నా వైపు చూశాడు. నేను ఆగి ఉన్న ఫ్యానుకు రెక్కలెన్నో లెక్కపెట్టాను. మూడు. మళ్ళీ లెక్కపెట్టాను. మూడే. ఫర్జానా నిలదీసిన రోజే ఒప్పుకోవాల్సిన మాట అప్పటికి నోరు దాటింది.

“మేమే రానివ్వలేదండీ. మాకు బాగానే ఉండింది.”